పాత బండి ట్యాంకు కారుతుంటే అసలు చిల్లు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

మా నాన్నగారి వంద సీసీ బండికి ఇరవై ఏళ్లు దాటాయి. 2022 జూలైలో గోదావరి పొంగి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు మా లంకలో అది మూడు రోజులు హ్యాండిల్ దాకా నీళ్లలోనే ఉండిపోయింది. వరద తీశాక కడిగాం, ఆయిల్ మార్చాం, కార్బురేటర్ విప్పి శుభ్రం చేయించాం, స్టార్టయింది, సంతోషపడ్డాం. ఏడాది తిరక్కుండానే పెట్రోలు వాసన మొదలైంది. చూస్తే కాక్ కింద, అంటే ట్యాంకు అడుగున పెట్రోలు ఆన్ ఆఫ్ చేసే కుళాయి కింద, బొట్టు. కాక్ మార్చాను, వారం రోజుల్లో మళ్లీ బొట్టు. పైపు మార్చాను, మళ్లీ బొట్టు. చివరికి ట్యాంకు దింపి తిరగేసి చూస్తే చిల్లు కాక్ దగ్గర లేనే లేదు. ట్యాంకు కడుపులో, ఫ్రేము రాడ్డు మీద కూర్చునే గాడి ఉంటుంది కదా, దాని ముందు భాగంలో రబ్బరు బుష్ పక్కన ఉంది. అక్కడ కారిన పెట్రోలు గాడి అంచు వెంబడి వెనక్కి జారుకుంటూ వచ్చి, అన్నిటికంటే కిందున్న కాక్ బోల్టు తల దగ్గర బొట్టు కడుతోంది.

అంటే బొట్టు పడే చోటు ఒకటి, కారే చోటు ఇంకొకటి. ట్యాంకు లీకు వెతకడంలో కష్టమంతా ఇదే. ఈ ఒక్క విషయం ముందే తెలిసుంటే నాకు రెండుసార్లు విడి భాగాలు కొనే పని ఉండేది కాదు. అందుకే ఏదీ మార్చకముందు వెతికే పద్ధతి రాస్తున్నాను. ఎక్కువగా మోటార్‌సైకిల్ గురించే చెబుతాను, ఎందుకంటే మన దగ్గర పాత బళ్లంటే ముందు అవే. కార్లూ జీపుల సంగతి చివర్లో కొంత ఉంటుంది.

ముందు బండిని ఇంట్లోంచి బయటపెట్టండి

ఇది మాత్రం వాయిదా వేయకండి. మన ఊళ్లలో రాత్రి కాగానే బండిని హాల్లోకో వసారాలోకో ఎక్కించేస్తాం. అదే హాలు పక్కన వంటగది, గ్యాస్ పొయ్యి, దేవుడి గదిలో దీపం. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, పైకి లేవకుండా నేలమీద పాకుతూ పోయి గడప దాటి పక్క గదిలోకి చేరుతుంది. మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది కాబట్టి మన వాతావరణంలో పెట్రోలు ఎప్పుడూ అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే లెక్క. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. కాబట్టి వాసన వచ్చిన రోజే బండి ఆరుబయటకి రావాలి, నెట్టుకుంటూ తీసుకురండి, స్టార్ట్ చేయకండి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పేయండి. పక్కన ఒక బకెట్టు పొడి ఇసుక పెట్టుకోండి, నీళ్లు కాదు, నీళ్లు పోస్తే పెట్రోలు పైకి తేలి మంట ఇంకా దూరం పోతుంది. టార్చి కావాలంటే దూరంగా ఉన్నప్పుడే వెలిగించుకుని దగ్గరికి రండి. చుట్ట, బీడీ కాల్చే పెద్దవాళ్లు చూడ్డానికి వస్తారు, మొహమాటపడకుండా దూరంగా ఉండమని చెప్పండి.

ట్యాంకు దేనివల్ల పోతుంది

ఇది తెలిస్తే ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోతుంది. తుప్పు రెండు వైపుల నుంచి వస్తుంది.

ఒకటి లోపలి నుంచి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో మిగతా సగం గాలి. మన దగ్గర గాలి అంటే చెమ్మే, చుట్టూ కాలువలు, చేలు, రొయ్యల చెరువులు. పగలు ట్యాంకు వేడెక్కి గాలిని బయటికి వదులుతుంది, రాత్రి చల్లబడి చెమ్మగాలిని లోపలికి పీల్చుకుంటుంది, ఆ చెమ్మ లోపలి గోడల మీద నీరు పడుతుంది. నీళ్లు పెట్రోలు కంటే బరువు కాబట్టి ట్యాంకులో అన్నిటికంటే పల్లమైన మూలకు చేరి అక్కడే కూర్చుంటాయి. మూత రబ్బరు ఎండిపోయి ఉంటే వానాకాలంలో ఇంకొన్ని నీళ్లు నేరుగా దిగుతాయి. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు సంగతి కూడా చూసుకోవాలి. ఇథనాల్ కొంతవరకు నీటిని తనలో కలుపుకుంటుంది, అది దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగున ఒక పొరలా దిగిపోతాయి. అలా ఆ పల్లపు మూల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పాత బళ్ల రబ్బరు పైపులు, సందులు మూసే రబ్బరు ఓరింగులు కూడా ఈ పెట్రోలుకి తట్టుకునేలా చేసినవి కావు, కొన్ని ఉబ్బిపోతాయి, కొన్ని గట్టిపడి పగులుతాయి.

రెండోది బయటి నుంచి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి, లోపలికి వస్తే ఉప్పునీటి చెరువుల గట్ల మీద బురద. ఆ బురద ట్యాంకుకీ ఫ్రేముకీ మధ్య గాడిలో, రబ్బరు బుష్‌ల చుట్టూ, సీటు ముందుమూతి కింద ఇరుక్కుని ఎండదు, రాలదు. మా బండికి జరిగింది ఇదే, వరద ఒండ్రు ఏడాదిపాటు ఆ గాడిలోనే ఉండిపోయింది, పైనుంచి ఎంత కడిగినా అక్కడికి నీటి ధార చేరదు. రెక్సిన్ ట్యాంకు కవర్ మరో శత్రువు. పెయింటు పాడవకూడదని ప్రేమగా వేస్తాం, వానలో దాని కింద చేరిన నీళ్లు వారాల తరబడి అక్కడే ఉంటాయి. కవర్ ఉంటే ఇప్పుడే తీసేయండి, చాలాసార్లు జాడ దాని కిందే దొరుకుతుంది.

ఎప్పుడు కారుతోందో ముందు గమనించండి

చేతికి పానా తీసుకునే ముందు రెండు మూడు రోజులు గమనించి ఒక కాగితం మీద రాసుకోండి. నేను దాటేసిన మెట్టు ఇదే.

ట్యాంకు నిండా కొట్టించినప్పుడే వాసన వచ్చి, సగానికి దిగాక ఆగిపోతుంటే లీకు పైభాగంలో ఉన్నట్టు. మూత, మూత చుట్టూ అంచు, గాడి గోడలు చూడాలి. మా బండి సరిగ్గా ఇలాగే చేసేది. జీతం రోజు ఫుల్ ట్యాంకు కొట్టిస్తే బొట్టు, నెలాఖరుకి లేదు. నేనేమో కొత్త కాక్ పనిచేస్తోందనుకున్నాను. కాక్ లీకయితే ట్యాంకులో లీటరున్నా కారుతుంది, ఆ లెక్క అప్పుడు తట్టలేదు.

ట్యాంకులో ఎంతున్నా కారుతుంటే అడుగున ఉన్నట్టు: కాక్, పల్లపు మూలలు, పెట్రోలు మీటరు ఉన్న బళ్లలో అడుగున బిగించే, పెట్రోలు ఎంతుందో చెప్పే ఫ్లోట్ యూనిట్ వాషర్. సైడ్ స్టాండ్ వేసినప్పుడే కారి సెంటర్ స్టాండ్ మీద ఆగిపోతే ఎడమవైపు వెతకాలి. బండి ఆపి కాక్ ఆన్‌లో వదిలేస్తే కారుతూ, ఆఫ్ చేస్తే ఆగిపోతుంటే అది ట్యాంకు తప్పు అయ్యే అవకాశం చాలా తక్కువ. కార్బురేటర్‌లో నిండగానే పెట్రోలుని ఆపే ఫ్లోట్ నీడిల్ అనే సూది కింద నలక ఇరుక్కుని, ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు దిగుతోంది. వరద నీళ్లలో మునిగిన బళ్లకి ఇది మామూలే.

ఇంకో సంగతి, లీకే కానిది. పెట్రోలు ఒక్కో డిగ్రీకి సుమారు వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుంది. రోహిణీ కార్తెలో పది లీటర్ల ట్యాంకు మూతి దాకా నింపించి ఎండలో పెడితే, ఇరవై డిగ్రీలు వేడెక్కేసరికి దగ్గరదగ్గర 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అది మూత సందులోంచి బయటికి రాక తప్పదు. అలాంటప్పుడు మూతి కింద రెండు వేళ్ల మందం ఖాళీ ఉంచి కొట్టించి చూడండి, ఆగిపోతే ట్యాంకు బాగున్నట్టే.

సుద్దముక్క పరీక్ష

కావలసినవి ఒక సుద్దముక్క, పాత న్యూస్‌పేపర్లు, సబ్బు నీళ్లు, పొడిగుడ్డ. ఇంజన్ పూర్తిగా చల్లారాక ట్యాంకు, కాక్, కార్బురేటర్ అన్నీ సబ్బు నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వండి. పాత జిడ్డు, పాత తడి ఉంటే కొత్త బొట్టు కనపడదు. ఆరాక ట్యాంకు కింది అతుకు పొడవునా సుద్దతో మందంగా రుద్దండి. కాక్ బోల్టుల చుట్టూ, పైపు క్లిప్పు దగ్గర, మూత చుట్టూ కూడా. సుద్ద పట్టని సందుల్లో ముఖానికి రాసుకునే పౌడర్ చల్లండి. కింద నేలమీద పేపరు పరిచి, దాని మీద పెన్నుతో ఇది కాక్ కింద, ఇది కార్బురేటర్ కింద అని గుర్తులు పెట్టండి.

ఇక కూర్చుని చూడటమే. తొందరపడి తుడవకండి. మొదట ఏమీ ఉండదు, పది నిమిషాలకి తెల్లటి గీత మీద ఒకచోట ఆవగింజంత బూడిదరంగు మచ్చ వస్తుంది, అది మెల్లగా పక్కకి పాకి, పల్లం వైపు తోకలా సాగుతుంది, ఆ తోక చివర బొట్టు వేలాడుతుంది. మీకు కావలసింది బొట్టు కాదు, ఆ తడి మొదలైన తల. తోక వెంబడి పైకి వెళ్లండి, తడి ఎక్కడ ఆగిపోయి పొడి సుద్ద మొదలైందో అదే చోటు. ఆ తల ట్యాంకుకీ ఫ్రేముకీ మధ్యలోకి, కళ్లకి కనపడని చోటికి పోయిందంటే ట్యాంకు దింపాల్సిందే.

కింద పడింది పెట్రోలేనా అని అనుమానం వస్తే పేపరు మీద బొట్టుని చూడండి. పెట్రోలు కాసేపట్లోనే ఆరిపోయి మరక దాదాపు మిగలదు. ఇంజన్ ఆయిల్ అయితే జిడ్డు మరక నిలిచిపోతుంది, కాగితం వెనక్కి కూడా దిగుతుంది. చాలాకాలంగా కారుతున్న చోట పెయింటు మీద జిగురులాంటి పసుపు గోధుమరంగు మరక ఉంటుంది, పెయింటు పొక్కులు కూడా కడుతుంది. ఆ పొక్కుని గోరుతో గానీ స్క్రూడ్రైవరుతో గానీ గిల్లకండి, ట్యాంకులో పెట్రోలు ఉండగా అసలే వద్దు. ఒక్కోసారి చిల్లుని ఆపుతున్నది ఆ తుప్పు పొక్కే, అది ఊడితే బొట్టు కాస్తా ధార అవుతుంది.

ఒక్కొక్కటిగా తప్పించుకుంటూ పోండి

కాక్ ఆఫ్ చేసి, కార్బురేటర్ వైపు పైపు ఊడదీసి, ఆ చివర ఒక గాజు సీసాలో పెట్టి అరగంట వదలండి. ఆఫ్‌లో ఉన్నా సీసాలోకి బొట్లు పడుతుంటే కాక్ లోపలి వాషర్ పోయింది. సీసా పొడిగా ఉండి కాక్ పిడి చుట్టూ తడి ఊరుతుంటే పిడి ఓరింగు. కాక్ ట్యాంకుకి ఆనే చోట తడి వస్తే పై ఓరింగు, లేదా రెండు బోల్టుల్లో ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగించినట్టు. ఇవన్నీ పొడిగా ఉండి కూడా సుద్ద తడుస్తుంటే ఇక తప్పు ట్యాంకుదే. పైపుని చేత్తో వంచి చూడటం మర్చిపోకండి, క్లిప్పు కింద పడే సన్నటి పగుళ్లు వంచితేనే నోరు తెరుస్తాయి.

ట్యాంకు దింపి చూడటం

ముందు పెట్రోలంతా మూత ఉన్న ఇనుప డబ్బాలోకి తీసేయండి, పైపు చివర డబ్బాకి ఆనించి ఉంచండి. మంచినీళ్ల సీసాల్లో మాత్రం పట్టకండి, ఇంట్లో పిల్లలో పెద్దవాళ్లో చూడకుండా తాగిన సంఘటనలు మన ఊళ్లలో ఉన్నాయి. సీటు తీసి, వెనక బోల్టు విప్పి, మీటరు వైరు ఉంటే ఊడదీసి, ట్యాంకుని వెనక్కి లాగితే ముందు బుష్‌ల మీంచి వచ్చేస్తుంది. గోనెసంచి మీద బోర్లా పెట్టండి. గాడిలోని మట్టిని చెక్కపుల్లతో తీసి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, వెలుతుర్లో అంచెలంచెలుగా చూడండి: ముందు బుష్‌ల చుట్టూ, గాడి రెండు గోడలు, అతుకు మొత్తం, వెనక బోల్టు చెవి వెల్డింగు, పల్లపు మూలలు. కొన్ని మోడళ్లలో మూత చుట్టూ చేరే వాననీటిని కిందికి వదలడానికి ట్యాంకు లోపల్నుంచి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. అది లోపల తుప్పు పడితే బయట చిల్లు లేకుండానే ఆ గొట్టంలోంచి పెట్రోలు కారుతుంది, చాలామంది దీని జోలికే వెళ్లరు.

కంటికి దొరకకపోతే గాలి పరీక్ష. టైరు పంక్చర్ వెతికినట్టే. పెట్రోలు తీసేశాక సబ్బు నీళ్లు పోసి కుదిపి పారబోయడం నాలుగైదుసార్లు చేయండి, వాసన దాదాపు పోవాలి. ఆ నీళ్లు కాలువలోకో చెరువు గట్టు మీదకో వదలకండి, చేపకీ రొయ్యకీ పెట్రోలు విషం. మనుషులు, పశువులు తిరగని బయలులో వెడల్పు పళ్లెంలో పోసి ఆవిరి కానివ్వండి. తర్వాత మూతకి గాలిరంధ్రం ఉంటుంది కాబట్టి దాని కింద పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగించండి, కాక్ ఆఫ్‌లో పెట్టి దాని పైపుకి సైకిల్ పంపు తగిలించి, కాక్ తెరిచి మెల్లగా ఒకటి రెండు కొట్లు కొట్టండి. ఒత్తిడి ఒకటి, మహా అయితే రెండు పీఎస్ఐ. పంక్చర్ షాపు కంప్రెసర్ పెట్టకండి, పల్చటి రేకు ఉబ్బిపోతుంది, అతుకు విచ్చుకుంటుంది. నోటితో ఊదకండి. సబ్బు నురగ రాసి చూడండి, చిల్లు ఉన్నచోట బుడగలు లేస్తాయి. గోలెం లాంటి పెద్ద తొట్టి ఉంటే ఇంకా తేలిక, ఇద్దరు కలిసి ట్యాంకుని ఒక్కో వైపూ నీళ్లలో నొక్కి పడితే బుడగల దారం ఎక్కణ్ణుంచి లేస్తుందో తెలిసిపోతుంది. దొరికిన ప్రతి చోటా పెన్సిలుతో గుండ్రం చుట్టండి, ఒక చిల్లు దొరికిందని ఆపేయకండి, మాకు రెండు దొరికాయి.

కొందరు ట్యాంకులో నీళ్లు పోసి కారకపోతే బాగుందంటారు. అది నమ్మకండి. పెట్రోలుకి తలతన్యత నీటిలో మూడో వంతే ఉంటుంది, నీళ్లు ఆగిన సన్నటి సందులోంచి పెట్రోలు హాయిగా ఊరుతుంది.

కార్లూ జీపులూ అయితే

ట్యాంకు కిందుంటుంది కాబట్టి పైన మొదలుపెట్టి కిందికి రావాలి. బంకులో పోసేటప్పుడే కారితే పోసే మెడ గొట్టానికీ ట్యాంకుకీ మధ్య రబ్బరు పైపు, దాని పక్కన సన్నటి గాలిపైపు చూడండి. నిండుగా ఉన్నప్పుడు, మలుపుల్లో వాసన వస్తే ట్యాంకు పైన మీటరు యూనిట్ వాషర్. ఎప్పుడూ వస్తే ట్యాంకుని పట్టి ఉంచే ఇనుప పట్టీల కింద చూడండి, బురద ఇరుక్కుని రేకుని తినేసేది అక్కడే. ఇంజన్ నడిచేటప్పుడే కారితే ట్యాంకు నుంచి ముందుకి పోయే లైను. ఇంజెక్షన్ బండిలో ఆ లైనులో ఒత్తిడి గట్టిగా ఉంటుంది, ఇంజన్ ఆన్‌లో పెట్టి కిందకి దూరి వెతికే పని మెకానిక్‌కే వదిలేయండి. జాకీ ఒక్కటే పెట్టి బండి కిందకి వెళ్లకండి, ఇటుకలూ పేర్చకండి, జాక్ స్టాండులు ఉంటేనే.

దొరికాక

దారిలో ఉంటే బట్టల సబ్బు ముక్కని చిల్లులోకి గట్టిగా రుద్దండి, పెట్రోలు సబ్బుని త్వరగా కరిగించదు, మెకానిక్ దాకా చేరుస్తుంది. అంతకుమించి దాని మీద ఆధారపడకండి. ఎం-సీల్ లాంటివి తడి మీద పట్టవు, ట్యాంకు ఖాళీ చేసి, తుప్పు గీకి, ఆరబెట్టాకే.

వెల్డింగు గురించి గట్టిగా చెబుతున్నాను. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే పేలుతుంది, ఖాళీ చేసిన ట్యాంకులో తయారయ్యేది సరిగ్గా ఆ మిశ్రమమే. ఎన్నిసార్లు కడిగావు, నీళ్లు నింపి అతుకుతావా అని వెల్డింగు చేసేవాణ్ణి అడగండి. చిల్లు దగ్గర కొంచెం జాగా వదిలి మిగతా అంతా నీళ్లతో నింపి చేసేవాడి దగ్గరకే వెళ్లండి. ఏం కాదులేండి అంటే ట్యాంకు తీసుకుని వచ్చేయండి. తుప్పు ఒక్క చోటే ఉంటే అతికించడం లాభం. మూతలోంచి టార్చి వేస్తే లోపలంతా ఎర్రగా పెళ్లలు కనబడినా, గాడి గోడ పొడవునా వేలితో నొక్కితే మెత్తగా ఉన్నా వేరే ట్యాంకు చూసుకోవడమే మేలు, ఒకటి మూస్తే పక్కన ఇంకోటి తెరుచుకుంటుంది.

బిగించాక మళ్లీ సుద్ద. ముందు రెండు లీటర్లు పోసి ఒక రాత్రి, తర్వాత సగం దాకా ఒక రాత్రి, తర్వాత నిండుగా ఒక రాత్రి, అన్నీ ఆరుబయటే. బుష్‌లు కొత్తవి వేసి, గాడిలో ప్రైమర్, పెయింటు వేశాక మా బండిని అలాగే కొబ్బరిచెట్టు కింద మూడు రాత్రులు ఉంచాం. నాలుగో రోజు పొద్దున నాన్నగారు నాకంటే ముందే లేచి వెళ్లి కాక్ కింద వేలు పెట్టి చూసి, వాసన చూసి, గీత తెల్లగానే ఉందిరా అన్నారు. ఆ రోజు సాయంత్రమే దాన్ని మళ్లీ సావిట్లోకి ఎక్కించాం.